వాచీ పడని చెయ్యి, ప్లేటు వేసిన కాలు

చర్మ సమస్యలపై పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో గిల్టు గొలుసుల వల్ల మెడ మీద వచ్చే దురద గురించి రాశాను. చాలామందిలో దానికి కారణం నికెల్ అనే లోహమనీ, ఒకసారి అది ఒంటికి పడకుండా పోయిందంటే ఇక ఎప్పటికీ పడదనే అనుకోవాలనీ చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో గొలుసుల మాట తక్కువ. "పైన పెట్టుకుంటేనే ఇలా ఉంటే, లోపల వేసే రాడ్ల సంగతేమిటి?" అని అడిగినవాళ్లే ఎక్కువ. ఈసారి చోటంతా వాళ్లకే.

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకు 66 ఏళ్లు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, మార్చాల్సిందే అన్నారు. సంక్రాంతి వెళ్లాక ఆపరేషన్ పెట్టుకున్నాం. అమ్మకు బంగారం ఏమీ చెయ్యదు గానీ, గిల్టు నగ పెట్టుకుంటే సాయంత్రానికల్లా చర్మం ఎర్రగా పొంగుతుంది. జాకెట్టు హుక్కుల దగ్గర, చీరకు పెట్టుకునే పిన్నీసు దగ్గర నల్లమచ్చలు పడ్డాయి. నగైతే తీసి పక్కన పెడతాం, మోకాలు తీసి పక్కన పెట్టలేం కదా. మీరు రాసింది చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆపరేషన్ మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మానేయకండమ్మా. నికెల్ పడని ఆడవాళ్లు ఎంతోమంది మోకాళ్లు మార్పించుకుని గుడి మెట్లు ఎక్కుతున్నారు. చర్మం చేసేంత గొడవ కీలు చెయ్యదు. పడని వస్తువును గుర్తుపట్టి తక్కిన ఒంటికి కబురు పెట్టే కణాలు చర్మంలో దట్టంగా ఉంటాయి, లోపల ఎముక దగ్గర అలా ఉండవు. అందుకే పైన దురద పెట్టేవాళ్లలో కూడా లోపలి లోహానికి తిరగబడేవాళ్లు కొద్దిమందే.

ఆ కొద్దిమందిలో మా అమ్మ ఒకరు. మీ ఉత్తరానికి నాలుగు ముక్కల్లో జవాబు రాసి ఊరుకోలేకపోవడం అందుకే.

మా అమ్మ బడిపంతులమ్మ. రోజూ బడికి బయల్దేరేముందు ఎడమ ముంజేతికి జేబురుమాలు మడిచి చుట్టుకుని, దానిమీద వాచీ పెట్టుకునేది. చిన్నప్పుడు అదొక ముచ్చట అనుకునేదాన్ని. నేను చర్మం డాక్టర్నయ్యాక కూడా ఆ రుమాలు రోజూ నా కళ్లముందే ఉంది. 2011లో అమ్మ పెరట్లో నాచు మీద జారిపడి చీలమండ పైన ఎముక విరగ్గొట్టుకుంది. ప్లేటు పెట్టి ఏడు స్క్రూలు బిగించారు. ఆపరేషన్ చక్కగా చేశారు, ఎముక అతుక్కుంటూ వచ్చింది. మూడో నెలలో, సరిగ్గా ప్లేటు ఉన్నచోటే, పైన చర్మం ఎర్రబడి, సన్నటి నీటిపొక్కులు లేచి, రసి కారడం మొదలైంది. చీము పడుతోందేమోనని సర్జన్ గారు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఆ అనుమానం న్యాయమైనదే, ఎవరైనా ముందు అదే చూడాలి. నేనేమో స్టెరాయిడ్ క్రీము రాశాను. రాసినన్నాళ్లు తగ్గేది, ఆపిన వారానికి మళ్లీ లేచేది. కొన్నాళ్లకు మోచేతి మడతల్లోనూ వచ్చింది.

ఏడు నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం అమ్మ బీరువా సర్దుతుంటే అడుగు అరలో ఆ పాత వాచీ దొరికింది, దాని పక్కనే మడతపెట్టిన రుమాలు. అక్కడే నేలమీద కూలబడ్డాను. ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన సంగతి అది. ఆపరేషన్‌కు ముందు మందుల అలర్జీలు ఉన్నాయా అని అడిగారు, లేవన్నాం. లోహం మాట ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పాల్సింది నేను.

ప్యాచ్ టెస్ట్, అంటే వీపు మీద పట్టీ వేసి చూసే అలర్జీ పరీక్ష చేస్తే, నికెల్ దగ్గర రెండు ప్లస్సులు వచ్చాయి, అంటే గట్టి అలర్జీయే. ఇంతకీ కాలిలో ఉన్నది ఏ లోహం అని డిశ్చార్జి కాగితం తీస్తే, 'ప్లేటు, స్క్రూలు' అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేవు. ఆసుపత్రిలో పాత ఫైలు దొరకలేదు. స్టీలే అయివుంటుందని సర్జన్ గారి అంచనా. ఎముక గట్టిపడిందని తేలాక, పధ్నాలుగో నెలలో ప్లేటు తీసేశారు. ఆరు వారాల్లో చర్మం మామూలైంది. మళ్లీ రాలేదు.

ఇప్పుడు మీ అమ్మగారి మోకాలి దగ్గరికి వద్దాం. మా అమ్మ ప్లేటుకూ మీరు వేయించబోయే మోకాలికీ తేడా ఉంది. విరిగిన ఎముకలకు వాడే 316ఎల్ అనే స్టీలులో నికెల్ 10 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. మోకాలి మార్పిడిలో తొడ ఎముక చివర తొడిగే తొడుగు సాధారణంగా కోబాల్ట్ క్రోమ్ మిశ్రమం. అందులో మూడింట రెండొంతుల దాకా కోబాల్టు, 27 నుంచి 30 శాతం క్రోమియం, నికెల్ ఒక శాతం లోపు. కాలి ఎముక మీద పెట్టే పళ్లెం కోబాల్ట్ క్రోమ్ గానీ టైటానియం గానీ అవుతుంది. రెంటి మధ్య పాలిథిన్ జాతి ప్లాస్టిక్ దిమ్మ. ఎముకకు అతికించేది బోన్ సిమెంటు. నికెల్ అంత తక్కువే అయినప్పుడు భయం దేనికి అంటారేమో. నికెల్ పడనివాళ్లలో కొందరికి కోబాల్టు కూడా పడదు, మోకాలిలో ఎక్కువగా ఉన్నది అదే. అందుకని ఊహించుకుంటూ కూర్చోకుండా పరీక్ష చేయించడం మంచిది.

అంత గట్టి లోహం లోపల కరుగుతుందా అని మీరు అడగలేదు గానీ, నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ అడుగుతారు. ఒంట్లో ఉన్నది ఉప్పునీరే. ఏ లోహమైనా అందులో ఏళ్ల తరబడి నానితే కంటికి కనబడనంత మోతాదులో ఊరుతుంది. స్క్రూ తలకాయ ప్లేటుతో ఒరుసుకునే చోట ఇంకాస్త ఎక్కువ. అలా ఊరిన లోహం ఒంట్లోని ప్రొటీన్లను అంటుకుంటుంది. అలర్జీ ఉన్న మనిషి రక్షణ కణాలు ఆ జంటను చూసి పరాయిదనుకుని మీద పడతాయి. టైటానియం మీద మటుకు గాలి తగిలీ తగలగానే సన్నటి ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, గీరుకుపోయినా వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. టైటానియం పడనివాళ్లు చాలా అరుదు.

ప్యాచ్ టెస్ట్ అంటే సూదులు కాదు, రక్తం తియ్యరు. 1895లో యాడసోన్ అనే జర్మన్ డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ మాకు అదే ఆధారం. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో ఒక్కొక్క పదార్థం పెట్టి పట్టీ వేస్తాం. నికెల్ సల్ఫేట్ 5 శాతం, కోబాల్టు ఉప్పు, క్రోమియం ఉప్పు, ఇంకా కొన్ని. మోకాలి ఆపరేషన్ అని ముందే చెబితే బోన్ సిమెంటులో ఉండే పదార్థాలనూ, అందులో కలిపే యాంటీబయాటిక్ జెంటామైసిన్‌నూ చేర్చమని అడగవచ్చు. రెండు రోజులు వీపు తడవకూడదు. రెండో రోజు తీసి చూస్తాం, నాలుగో రోజు మళ్లీ చూస్తాం, లోహాలైతే వారానికి ఇంకోసారి రమ్మంటాను. వాటి దద్దు ఒక్కోసారి ఆలస్యంగా లేస్తుంది. చలికాలంలో చేయించుకుంటున్నారు కాబట్టి నయం. రోహిణీ కార్తెలో మన గుంటూరు వైపు చెమటకు పట్టీలు నిలవవు, మళ్లీ మొదటికొస్తుంది.

ఒక సంగతి మరిచిపోకండి. మోకాళ్ల నొప్పులకు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకునే అలవాటు బాగా ఉంది. అది చేయించి నెల కాకపోతే పరీక్ష తప్పు చెప్పవచ్చు, అలర్జీ ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. స్టెరాయిడ్ మాత్రలైనా అంతే. ఎప్పుడు వాడారో తేదీతో సహా చెప్పండి. మామూలు దురద మాత్రలతో ఈ పరీక్షకు పెద్ద ఇబ్బంది లేదు.

పరీక్షలో నికెల్, కోబాల్టు తేలాయనుకోండి. ఆ కాగితం పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్లండి. జిర్కోనియం మిశ్రమాన్ని వేడిచేసి పై పొరను నల్లటి సెరామిక్‌గా మార్చిన తొడుగులు (ఆక్సిడైజ్డ్ జిర్కోనియం) ఉన్నాయి. లోహం మీద టైటానియం నైట్రైడ్ పూత పూసిన బంగారు రంగువీ ఉన్నాయి. ఖర్చు ఎక్కువే, అయితే ఆకాశమంత కాదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి భాగాలకు గరిష్ఠ ధర పెట్టినప్పుడు, పన్ను కాకుండా, మామూలు కోబాల్ట్ క్రోమ్ రకానికి 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకు 76,600 రూపాయలు నిర్ణయించింది. తర్వాత అంకెలు మారుతూ వచ్చాయి కాబట్టి ఇప్పటి ధర అడిగి తెలుసుకోండి. పరీక్షలో ఏమీ తేలకపోతే మామూలు మోకాలే వేయించండి, మనసులో శంక పెట్టుకోకండి. చర్మం మీద ఏ లోహంతోనూ ఎన్నడూ ఇబ్బంది లేనివాళ్లకు ఈ పరీక్షే అక్కర్లేదు.

ఆపరేషన్ అయ్యాక మోకాలి భాగాల పెట్టెల మీది స్టిక్కర్లు అడిగి తీసుకోండి. కంపెనీ, రకం, లాట్ నంబరు వాటిమీద ఉంటాయి. ఒక జత కేస్ షీటులో అంటిస్తారు. ఇంకో జత మీ డిశ్చార్జి కాగితం మీద అంటించమనండి, లేదంటే ఫోనుతో ఫొటో తీసుకోండి. పదేళ్ల తర్వాత మీ అమ్మగారి మోకాలిలో ఏముందని ఎవరైనా అడిగితే, జవాబు మీ దగ్గర ఉండాలి.

ప్రశ్న: నేను రిటైరైన ఆర్టీసీ కండక్టర్ని. కుడి మోకాలు మార్చి ఐదు నెలలైంది. నడక బాగానే ఉంది. కోతకు బయటివైపు అరచెయ్యంత మేర చర్మం గరుకుబారి, విపరీతమైన దురద. ఒక్కోసారి రసి కారుతుంది. జిల్లేడాకు కట్టాను, పసుపు రాశాను, మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్లు మూడు మార్చాను. లోహం పడలేదు, తీసి మళ్లీ వెయ్యాల్సిందే అని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంకోసారి ఆపరేషన్ అంటే నా వల్ల కాదండీ.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇంకోసారి ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తకముందే ఒక పని చెయ్యండి. కళ్లు మూసుకుని, దూదిపింజతో ఆ గరుకు చర్మం మీద మెల్లగా రాయండి, తర్వాత ఎడమ మోకాలి మీద అదే చోట రాయండి. కుడివైపు మొద్దుబారినట్టుంటే అసలు కారణం అక్కడే దొరికినట్టు.

మోకాలి మీద నిలువుగా కోసేటప్పుడు చర్మానికి స్పర్శ తెలిపే ఒక సన్నటి నరం కొమ్మ అడ్డొస్తుంది. చాలామందిలో అది తెగుతుంది, తప్పించడం కష్టం. అది తెగితే కోతకు బయటివైపు కొంత మేర తిమ్మిరిగా మిగిలిపోతుంది. నరం తెగిన చోట చెమట, జిడ్డు తగ్గి చర్మం ఎండిపోతుంది, కొన్ని నెలలకు అక్కడ ఎగ్జిమా, అంటే దురదతో గరుకుబారి రసి కారే చర్మవ్యాధి, పుట్టవచ్చు. మోకాళ్ల ఆపరేషన్లు పెరిగిన కొద్దీ ఇలాంటి కాళ్లు నా దగ్గరికి తరచుగా వస్తున్నాయి. చూసిన ప్రతివారూ లోహం అనే అంటారు. లోహానికి కోత బయటివైపే ఎందుకు కోపం? ఉంటే చుట్టూ ఉండాలి. దీనికి మందు సులువు: కొద్ది వారాలు మేం రాసిచ్చే క్రీము, ఆ తర్వాత రోజూ స్నానం కాగానే కొబ్బరినూనె గానీ వాజలీను గానీ. నా పేషెంట్లలో ఎక్కువమందికి దీనితోనే సరిపోయింది.

జిల్లేడాకు ఇవాళే ఆపండి. ఆ పాలు మంచి చర్మాన్నే కాలుస్తాయి, ఎగ్జిమా ఉన్నచోట చెప్పనక్కర్లేదు. కీళ్లనొప్పులకు నల్లజీడి రసం పూసుకుని కాలంతా బొబ్బలతో వచ్చినవాళ్లను చూశాను, అది మాత్రం ఎవరు చెప్పినా వద్దు. ఆ మూడు ఆయింట్‌మెంట్ల పేర్లు రాసి తీసుకురండి. ఫ్రామైసిటిన్, నియోమైసిన్, నైట్రోఫ్యూరజోన్ ఉన్నవి ప్రతి ఇంట్లో పుండు మందులుగా ఉంటాయి. వాటికే అలర్జీ రావడం మామూలు. అప్పుడు మందు రాసిన కొద్దీ పుండు పెరుగుతుంది, మనం ఇంకా రాస్తాం.

అయితే మోకాలే వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, నొప్పి పెరుగుతూ, జ్వరం తగులుతుంటే అది వేరే కథ. అప్పుడు చర్మం డాక్టరు దగ్గర వరసలో కూర్చోకుండా నేరుగా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే, ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు, ఎక్స్‌రే, అవసరమైతే కీలులోని నీరు తీసి పరీక్ష. ముందు ఇన్‌ఫెక్షన్ లేదని తేలాలి, అమరిక వదులు కాలేదని తేలాలి. అవన్నీ దాటాక చిట్టచివర మిగిలేది లోహం అలర్జీ. ఇంత దూరం రాకుండానే ప్యాచ్ టెస్ట్ కాగితం ఒక్కటి చూసి మోకాలు తీయించుకోవడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. చర్మం మీద దద్దు లేచినంత మాత్రాన నొప్పికి కారణం అదేనని రుజువు కాదు.

లోహం ఎప్పుడూ నిర్దోషి అని నేననడం లేదు. తుంటి కీలులో లోహం మీద లోహం ఒరుసుకునేలా చేసిన ఏఎస్‌ఆర్ రకాన్ని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలోనే దాదాపు 4,700 ఆపరేషన్లలో దాన్ని వేశారు. అక్కడ కోబాల్టు, క్రోమియం పొడి రాలి చుట్టూ కండ దెబ్బతింది. అది ప్రధానంగా అరుగుదల వల్ల వచ్చిన కీడు, దురద పెట్టే అలర్జీ కాదు. మీ మోకాలిలో లోహానికీ లోహానికీ మధ్య ప్లాస్టిక్ ఉంది.

ఇంకో ముక్క. వంకాయ, గోంగూర మానేశాను అని ఉత్తరం చివర రాశారు. తినండి. మీ మోకాలికి వాటితో ఏ పేచీ లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి గుండెలో స్టెంట్ వేసి పన్నెండు రోజులైంది. నాలుగు రోజుల నుంచి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. ఆయనకు వాచీ గొలుసు పడదు. స్టెంట్లలో నికెల్ ఉంటుందని చదివాను. స్టెంట్ తీయించే దారి ఉందా? రక్తం పలచబడటానికి ఇచ్చిన మాత్రలతో దురద ఎక్కువవుతున్నట్టుంది, ఆపేద్దామా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆపకండి. ఈ ఉత్తరం చూసిన రోజే మీకు ఫోన్ చేయించాను. ఇలాంటి ఆలోచనలో ఉన్న ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. కొత్తగా స్టెంట్ వేసిన మనిషి ఆ మాత్రలు సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. మామూలు దద్దుర్లతో ప్రాణం పోదు.

మీరు చదివింది అబద్ధం కాదు. ఒకప్పటి స్టెంట్లు 316ఎల్ స్టీలువి. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న కోబాల్ట్ క్రోమ్ స్టెంట్ల మిశ్రమాల్లో ఒకదాంట్లో నికెల్ 10 శాతం, ఇంకోదాంట్లో 35 శాతం దాకా ఉంటుంది. నికెల్ పడనివాళ్లలో స్టెంట్ మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువా అని పాతికేళ్లుగా పరిశీలిస్తున్నారు. ఔనన్నవాళ్లూ ఉన్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. రక్తనాళంలో అతుక్కున్న స్టెంట్‌ను దురద కోసం తియ్యరు. కొన్నాళ్లకు దానిమీద నాళం లోపలి పొర కప్పుకుంటుంది.

మీ నాన్నగారి దద్దుర్లు ఎనిమిదో రోజున మొదలయ్యాయి. ఒళ్లంతా ఒకేసారి లేచాయి. ఈ లెక్క చూస్తే నాకు లోహం కన్నా ముందు మందు మీదే అనుమానం. కొత్త మందు పడకపోతే దద్దు తరచు మొదటి రెండు వారాల్లోనే లేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వల్ల ఇలా రావడం మాకు తెలిసినదే. దానికి బదులు వాడదగ్గ మాత్రలు వేరే ఉన్నాయి. మార్చాలా, అదే కొనసాగిస్తూ దురదకు మందివ్వాలా అన్నది గుండె డాక్టరు గారే తేల్చాలి. నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ఊడటం, మొహం వాయడం, ఊపిరి ఆడకపోవడం – వీటిలో ఏదున్నా ఆ గంటలోనే ఆసుపత్రికి.

ప్రశ్న: మేడమ్, మా బాపు సుతారి పని జేస్తడు. ముప్పై ఏండ్ల సంది సిమెంట్ల చేతులు వెట్టి చేతులన్ని పలిగినయి. క్రోమియం పడదని ప్యాచ్ టెస్టుల తేలింది. మొన్న గోవ (పరంజా) మీదికెళ్లి వడి తొడబొక్క విరిగింది. రాడ్డు ఎయ్యాలంటున్నరు. స్టీలుల క్రోమియం ఉంటదట గద మేడమ్? ఏమన్నయితదని భయంతోని ఇంటికి తోలుకపోయి కట్టు కట్టిద్దామని మా కాక అంటున్నడు.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: నాయనా, కట్టు మాట వద్దు. తొడ ఎముక విరిగితే లోపల లీటరుకు పైగా రక్తం పోవచ్చు. కట్టుతో సరిగ్గా అతకదు, కాలు పొట్టిదవుతుంది, నెలల తరబడి మంచం మీద పడుకుంటే ఊపిరితిత్తులకూ ముప్పే. అలర్జీ ఉన్నా ఆపరేషన్ ఆగకూడదు.

మీ బాపు చేతుల్ని పగలగొట్టింది క్రోమియమే, కాని అది ఇంకో రూపంలో ఉన్నది. సిమెంటులో ఉండేది నీళ్లలో ఇట్టే కరిగి చర్మంలోకి దిగిపోయే రకం. స్టీలులో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉన్నా అది మిశ్రమంలో బిగిసి ఉంటుంది. పైగా స్టీలు తుప్పుపట్టకుండా పైన పొర కట్టి కాపాడేదీ అదే. అందుకే సిమెంటు పడనివాళ్లలో చాలామందికి స్టీలు గ్లాసుతో నీళ్లు తాగితే ఏమీ కాదు. అయినా పరీక్షలో తేలి ఉంది కాబట్టి ఆ కాగితం సర్జన్ గారికి చూపించి టైటానియం రాడ్డు అడగండి. తొడ ఎముకకు వేసే రాడ్లు స్టీలులోనూ టైటానియంలోనూ దొరుకుతాయి. ఎంత తేడా పడుతుందో ముందే అడగండి. టైటానియం వెంటనే దొరకదు, పది రోజులు ఆగాలి అంటే ఆగకండి, స్టీలుదే వేయించండి. ఎముక అతికాక, అవసరం పడితే, రాడ్డు తీసే వీలుంది. మోకాలికి లేని వెసులుబాటు దీనికుంది.

లేచి తిరిగాక చేతుల సంగతి కూడా పట్టించుకోండి. యూరప్‌లో 2005 నుంచి సిమెంటులో ఆ కరిగే క్రోమియం పది లక్షల పాళ్లలో 2 పాళ్లు మించకూడదని చట్టం పెట్టారు. అన్నభేది అనే ఇనుప లవణం కలిపి దాని చేటు పోగొట్టవచ్చు, బ్రహ్మవిద్య కాదు. మన సుతారుల చేతులకు కూడా ఆ పాటి దయ దక్కాలని ఇరవై ఏళ్లుగా నా దగ్గరికొచ్చే ప్రతి పగిలిన చెయ్యీ చూసి అనుకుంటాను. అంతదాకా లోపల గుడ్డ ఉన్న మందపాటి రబ్బరు తొడుగులు వేసుకోవాలి, లోపల తడిస్తే మార్చాలి. తోలు తొడుగులు మీ బాపుకు వద్దు. తోలు పదును చేసేది కూడా ఎక్కువగా క్రోమియంతోనే.

ప్రశ్న: గిల్టు నగలు పడవు. పంటికి క్యాపు వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వేయించుకోండి, ఏ లోహమో అడిగి. చవకగా వచ్చే మెటల్ క్యాపుల్లో నికెల్ క్రోమియం మిశ్రమం ఉంటుంది. తెల్లటి క్యాపు అన్నా లోపల ఆ లోహమే ఉండి పైన పింగాణీ ఉండవచ్చు. పూర్తి జిర్కోనియా గానీ, లోహం లేని సెరామిక్ గానీ అడగండి.

ప్రశ్న: మా పాపకు పదకొండో నెల. చెవులు కుట్టించాలి. నాకు నికెల్ అలర్జీ ఉంది, అది పాపకూ వస్తుందా? ముందు ముందు దానికేదైనా ఆపరేషన్ అవసరమైతే ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తల్లీ, నికెల్ అలర్జీతో ఎవరూ పుట్టరు. చర్మం ఎండుగా ఉండే తత్వం మీ నుంచి రావచ్చు గానీ, అలర్జీ మటుకు లోహం తగలగా తగలగా వస్తుంది. అందరికన్నా ఎక్కువగా తగిలేది కుట్టిన చెవికి. పచ్చిపుండులోంచి నికెల్ నేరుగా లోపలికి దిగుతుంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఈ అలర్జీ అంత ఎక్కువ ఉండటానికి చెవులు, ముక్కులు కుట్టించుకోవడమే పెద్ద కారణం. యూరప్ దేశాలు 1994లో నగల్లో నికెల్ మీద ఆంక్ష పెట్టింది ఇలాంటి చెవుల కోసమే.

మన పాత పద్ధతి మంచిది. కంసాలి చేత 22 క్యారెట్ల బంగారు తీగతో కుట్టించండి. దాంట్లో కలిపేది మామూలుగా రాగి, వెండి. తెల్ల బంగారం వద్దు, అందులో నికెల్ కలిసే వీలుంది. దుకాణాల్లో గన్‌తో కొట్టే కమ్మలు ఏ లోహమో తేలకపోతే వద్దనండి. నగలో నికెల్ ఉందో లేదో చూడటానికి డైమెథైల్‌గ్లయాక్సైమ్ అనే మందుచుక్క ఉంది. దూదిపుల్లకు అద్ది నగ మీద రుద్దితే, నికెల్ ఊరుతున్నట్టయితే పుల్ల గులాబీ రంగుకు తిరుగుతుంది. నా టేబులు మీద ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది. మీ ఊళ్లో చర్మం డాక్టరును అడిగి చూడండి.

కుట్టిన చెవి పూర్తిగా మానేదాకా, అంటే కనీసం ఆరు వారాలు, ఆ తీగ తియ్యకండి. మధ్యలో పెళ్లో పేరంటమో వచ్చిందని గౌనుకు మ్యాచింగ్ లోలాకులు మాత్రం పెట్టకండి.